హోటల్ మిగులా, దాణానా: పందుల షెడ్డుకు ఏది మేలు?

శంషాబాద్ అవతల నాకు తెలిసిన ఒక రైతుకు అరవై పందులున్నాయి. పోయిన వారం ఆయన సూటిగా అడిగాడు: "డాక్టరు గారూ, ఫంక్షన్ హాళ్ల నుంచి అన్నం దాదాపు ఉచితంగా వస్తోంది. దాణా బస్తా ధర వింటే గుండె గుభేలుమంటోంది. నేనెందుకు మారాలి?" అడగవలసిన ప్రశ్నే. పందుల పెంపకంలో పెట్టే ఖర్చులో ముప్పాతిక దాకా మేతకే పోతుంది. ఆ ఖర్చు తప్పించే దారి కళ్లెదుట ఉంటే ఎవరైనా అటే చూస్తారు.

ఆ పొద్దున ఆయన షెడ్డు ముందు దింపిన నీలం డ్రమ్మును కర్రతో కలిపి చూశాను. బిర్యానీ మెతుకులు, నిమ్మచెక్కలు, కోడి ఎముకలు, టిష్యూ కాగితాలు, పళ్లు కుట్టుకునే పుల్లలు, మటన్ దుమ్ములు. అడుగున, ఏ పెద్ద హోటల్ ఫలహారపు బల్ల మీద నుంచో వచ్చిన పంది మాంసపు సాసేజ్ ముక్క ఒకటి. "హైదరాబాదులో పంది మాంసం తినేదెంతమంది, భయమెందుకు?" అన్నాడాయన. భయం ఆ ఒక్క ముక్క గురించే. పందులను చంపే జ్వరం ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. దాని వైరస్ చల్లని మాంసంలో నెలల తరబడి, గడ్డకట్టిన మాంసంలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఉప్పు రాసి ఎండబెట్టినా అంత తొందరగా చావదు. పైగా పశువుల నోట్లో, గిట్టల్లో పుండ్లు తెచ్చే గాలికుంటు రావడానికి పంది మాంసమే అక్కర్లేదు, మేక ఎముకో గేదె మాంసమో చాలు. గాలికుంటు సోకిన పంది తన ఊపిరితో గేదె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వైరస్‌ను గాలిలోకి వదులుతుంది. పక్క పొలంలో పాడి గేదెలున్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

1957లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ యూరప్‌లో అడుగుపెట్టింది ఇలాగే. పోర్చుగల్‌లోని లిస్బన్ విమానాశ్రయం దగ్గర, విమానాల్లో మిగిలిన తిండిని పందులకు వేశారు. మూడేళ్లకు అది మళ్లీ వచ్చి, పక్కనున్న స్పెయిన్‌కూ పాకింది. స్పెయిన్ దాన్నుంచి బయటపడేసరికి 1995 అయింది. మా రైతు షెడ్డు మీదుగానూ విమానాలు దిగుతుంటాయి. ఈ కథ చెప్పినప్పుడు ఆయన తలెత్తి పైకి చూశాడు. 2001లో బ్రిటన్‌ను కుదిపేసిన గాలికుంటు కూడా సరిగా వేడిచేయని మిగులు మేపిన ఒక పందుల షెడ్డులోనే మొదలైంది. అది ఆగేలోగా 60 లక్షలకు పైగా జీవాలను చంపాల్సి వచ్చింది.

టీకా వేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడే పేర్లు మోసం చేస్తాయి. క్లాసికల్ స్వైన్ ఫీవర్ వేరు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరు. రెంటిలోనూ ఒళ్లు కాలిపోయే జ్వరం, మేత ముట్టకపోవడం, చెవులూ పొట్టా ఊదారంగుకు తిరగడం. కంటితో చూసి ఇది ఫలానా అని నేనూ చెప్పలేను. మొదటిదానికి ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ తయారుచేసిన టీకా ఉంది, తప్పక వేయించాలి. రెండోదానికి వియత్నాం టీకాను అనుమతించినా, మన రైతుల చేతికి అలాంటిదేదీ రాలేదు. మందు అసలే లేదు. 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడిన ఈ జబ్బు మనుషులకు సోకదు గాని, నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు లోపలి పందులన్నిటినీ చంపి పూడ్చిపెట్టాలి. ఉచితంగా వచ్చిన అన్నానికి అసలు ధర అది.

కనుక పచ్చి మిగులు నా లెక్కలో పోటీలోనే లేదు. పోటీ అంతా ఉడికించిన మిగులుకూ దాణాకూ మధ్యే.

ఉడికించడం మంచిదే, నిజంగా ఉడికితే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 90 డిగ్రీల వేడిలో, కలుపుతూనే, కనీసం 60 నిమిషాలు ఉంచాలి. నేను చూసిన షెడ్లలో జరిగేది వేరు. గంగాళం అంచున బుడగలు రాగానే మంట తీసేస్తారు. చిక్కటి అన్నం ముద్ద నడుమ చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. వానాకాలంలో కట్టెలు తడిస్తే ఆ పూట పచ్చిదే వేస్తారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది బకెట్టు. పచ్చి మిగులును గంగాళంలో పోసిన బకెట్టుతోనే, ఉడికినదాన్ని తోడి తొట్టిలో పోస్తారు. గంటసేపు కాచిన మంట ఆ ఒక్క ముంపుతో వృథా. ఏడాదిలో 364 రోజులు సరిగ్గా కాచినా, మిగిలిన ఆ ఒక్కరోజు చాలు.

దాణాకు ఈ బాధ లేదు. మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క, ఖనిజ లవణ మిశ్రమం సరిగా కలిపితే సుమారు మూడు కిలోల దాణాకు కిలో బరువు పెరుగుతుంది. మిగులు కూడులో సింహభాగం నీళ్లే. ఉప్పు ఎక్కువై, తాగేందుకు నీళ్లు చాలకపోతే పందులు వణికి పడిపోతాయి కూడా. దాణా ఖర్చు మాత్రం నిజం. దాన్ని తక్కువ చేసి చెప్పను.

"తల్లి పందులకు దాణా, మాంసానికి పెంచేవాటికి మిగులు వేస్తాను" అన్నాడు మా రైతు. వినడానికి తెలివిగానే ఉంది. కానీ రెండు గదుల మధ్య గోడ ఉన్నా, పారా ఒకటే, చెప్పులు ఒకటే, పనివాడు ఒకడే. ఒక షెడ్డుకు ఒకటే పద్ధతి ఉండాలి.

ఇలాంటివారికి నేను చెప్పే దారి వేరే ఉంది. మిగులు మానక్కర్లేదు, మాంసం కలిసిన మిగులు మానాలి. బోయినపల్లి మార్కెట్లో రోజూ పారబోసే కాయగూరలు, ఆకుకూరలు, మిల్లు నూకలు, తవుడు, బీరు కర్మాగారాల్లో మిగిలే బార్లీ పిప్పి తెచ్చుకుని, పైన కొంత దాణా చేర్చితే ఖర్చు దిగుతుంది, ఎముక ముక్క లోపలికి రాదు. శాకాహార హాస్టలు అన్నమైనా సరే, హోటళ్లు తిరిగే బండిలో మాత్రం రాకూడదు. పది పందులలోపు ఉండి, ఇంట్లో ఒకరు రోజూ గంటసేపు గంగాళం దగ్గరే నిలబడగలిగితే ఉడికించిన మిగులుకు నేను అడ్డు చెప్పను. అరవై పందులకు అది సాగదు. పంది పిల్లలను అమ్మే షెడ్డయితే దాణా తప్ప వేరే మాట లేదు.

మా రైతు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నిన్న ఫోను చేసి, డ్రమ్ముల బండిని గేటు బయటే ఆపించానని, ఈ నెలకు పిప్పి, తవుడు వేసి చూస్తానని చెప్పాడు. ఖాళీ డ్రమ్ములను ఏం చేయాలని అడిగాడు. సోడాతో కడిగి ఎండలో బోర్లించి, షెడ్డు వైపు మాత్రం తేవద్దన్నాను.