పొయ్యి దగ్గర ఉద్యోగం: గోపాల్‌పూర్‌లో తాతయ్య పతకాల వెంట మూడు రోజులు

మీ ఇళ్లలో పెద్దల కాలం నాటి సైనిక పతకాలు ఉంటే వాటిని ఎట్టి పరిస్థితిలోనూ మెరుగుకు ఇవ్వవద్దు. బరంపురం బజారులో 350 రూపాయలు చెల్లించి నేను పోగొట్టుకున్నది ఇంకెవరూ పోగొట్టుకోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మ తండ్రి ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో, తెలుగు మాట్లాడే వాడబలిజల వీధిలో పుట్టారు. ఈ జాలరులను అక్కడి ఒడియావారు నోళియాలు అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తాతయ్య నేవీలో పనిచేశారని మా అందరికీ తెలుసు. అక్కడ ఏం చేసేవారని ఎవరైనా అడిగితే, "పొయ్యి దగ్గర ఉద్యోగం" అని ఒక్క మాటతో సరిపెట్టేవారట. అందువల్ల ఆయన వంటవాడనీ, విశాఖపట్నంలోని నౌకాదళ స్థావరం దాటి ఎక్కడికీ వెళ్లలేదనీ ఇంట్లో అందరూ అనుకుంటూ వచ్చారు. నిరుడు మావయ్య పోయారు. పతకాలను ఇక ఆడపడుచు చేతిలో పెడతానని అత్తయ్య కబురు పంపడంతో, 76 ఏళ్ల అమ్మను, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని డిసెంబరులో విశాఖ నుంచి బయలుదేరాను.

రైలులో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. బరంపురం స్టేషను నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు ఉంటుంది. ఆటోకు 450 రూపాయలు ఇచ్చాము. అంతకంటే ఎక్కువ అడిగితే ఇవ్వనవసరం లేదు. బస మాత్రం మమ్మల్ని బాధపెట్టింది. ఫోనులో సముద్రం కనిపించే గది అని చెప్పి రాత్రికి 2,200 రూపాయలు ముందే వేయించుకున్నారు. తీరా వెళ్లి కిటికీ తెరిస్తే పక్క భవనం నీళ్ల ట్యాంకు కనిపించింది. అమ్మకు అదనపు పరుపు కావాలంటే మరో 600 రూపాయలు తీసుకొని, రాత్రి 11 గంటలకు తడి వాసన కొట్టే పరుపు ఒకటి తెచ్చి వేశారు. అమ్మ ఆ రాత్రి కుర్చీలోనే కూర్చుని తెల్లవార్చింది. తాను పుట్టిన ఊళ్లో డబ్బిచ్చి పడుకోవలసి రావడమే ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. "మీ అత్త ఇంట్లో చాప లేకపోయిందా?" అని తెల్లవారుజామున ఆమె అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది. అక్కడ బంధువులు ఉన్నవారు బంధువుల ఇంట్లోనే దిగండి. లేనివారు గది కళ్లతో చూసిన తరువాతనే డబ్బు ఇవ్వండి.

అత్తయ్య ఇంటిలో చందువ చేపల పులుసు, నెత్తళ్ల వేపుడుతో మధ్యాహ్నం భోజనం పెట్టారు. పులుసులో చింతపండు తక్కువ, ఆవపిండి కొంచెం ఎక్కువ. ఇటు తెలుగు వంటా అటు ఒడియా వంటా కలిసిన ఆ రుచి కోసం అమ్మ ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో, విస్తరి ముందు ఆమె మాట్లాడకుండా కూర్చున్న తీరులో నాకు తెలిసింది. భోజనం అయ్యాక అత్తయ్య దేవుడి గూటిలోనుంచి ఎర్ర గుడ్డలో చుట్టిన పతకాలు తీశారు. మొత్తం మూడు ఉన్నాయి. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు వాటికి పసుపు కుంకుమలు పెడుతూ వచ్చారట. రాసిన మీద మళ్లీ రాయడంతో, రెండు ఆరుకోణాల నక్షత్రాలూ ఒక గుండ్రటి పతకమూ మందంగా పసుపు పట్టి ఉన్నాయి.

రిబ్బన్లు వెలిసిపోయినా రంగులు ఆనవాలు పట్టవచ్చు. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం పట్టీలు సమానంగా ఉన్న నక్షత్రం 1939–45 స్టార్. ఆ మూడు రంగులు నౌకా, పదాతి, వైమానిక దళాలకు గుర్తులు. నీలం మధ్య వెడల్పైన ఎర్ర పట్టీ, రెండు పక్కల నారింజ గీతలు ఉన్నది బర్మా స్టార్. గుండ్రటిది వార్ మెడల్; దానిపై డ్రాగన్‌ను తొక్కి నిలబడిన సింహం ఉంటుంది. వీటిలో బర్మా స్టార్‌ను చూసి మా అమ్మాయి ఆగిపోయింది. నావికులకు ఆ నక్షత్రం ఒడ్డున కూర్చున్నందుకు రాదు. మామూలుగా ముందు ఆరు నెలల సముద్ర సేవతో 1939–45 స్టార్ సంపాదించుకొని, ఆ తరువాత బంగాళాఖాతంలో యుద్ధం జరుగుతున్న నీళ్లపై పనిచేసినవారికి ఇచ్చారు. అంటే తాతయ్య విశాఖలో ఒడ్డున ఉండిపోలేదు.

గుండ్రటి పతకం అంచు మీద పసుపు కింద ఏవో అక్షరాలు లీలగా కనిపించాయి. ఆ యుద్ధంలో బ్రిటన్ తన సైనికులకు పేర్లు లేని పతకాలే పంచింది. భారత దళాలవారి పతకాలపై మాత్రం సర్వీసు నంబరు, హోదా, పేరు అచ్చు కొట్టించారు. నక్షత్రాలకు వెనుకవైపున, గుండ్రటి పతకాలకు అంచు మీద అవి ఉంటాయి. ఆ అక్షరాలు చదవాలన్న తొందరలోనే నేను పొరపాటు చేశాను. మర్నాడు బరంపురం బజారులో వెండి సామాను బాగుచేసే ఒక దుకాణానికి వార్ మెడల్ ఇచ్చి, కుంకుడు రసంతో పసుపు మాత్రం కడగమని, మెరుగు వద్దని రెండుసార్లు చెప్పాను. టీ తాగి వచ్చేసరికి దాన్ని మోటారు చక్రానికి పట్టి అద్దంలా చేసి చేతిలో పెట్టారు. అంచు నున్నబడిపోయి నంబరులో చివరి రెండు అంకెలూ హోదా అక్షరాలూ చెరిగిపోయాయి. ఎనభై ఏళ్ల ఉప్పుగాలి, నలభై ఏళ్ల పసుపూ చెరపని అక్షరాలవి. డబ్బు తిరిగి ఇవ్వమని నేను అడగలేదు, చేసినది తప్పని ఒప్పుకోమన్నాను. "మెరిసింది కదా సార్" అన్నదే వారి జవాబు. అమ్మ దుకాణం మెట్ల మీద కూర్చుండిపోయింది.

అదే మధ్యాహ్నం తాతయ్య సర్వీసు వివరాలు అడగడానికి మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ఒక కార్యాలయానికి వెళ్లాము. గుమాస్తా మెడల్ అటూ ఇటూ తిప్పి, నంబరు పూర్తిగా లేనిదే కాగితం కదలదన్నాడు. అంతలో మా ఆధార్ కార్డులు చూసి, మీరు ఆంధ్రవారు, శ్రీకాకుళం వెళ్లి అడగండి అని తిప్పి పంపబోయాడు. తాతయ్య పుట్టినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలో చేరింది. యుద్ధం మొదలయ్యేనాటికే ఆయన ఊరు ఒడిశాలో ఉంది. సరిహద్దు ఎటు జరిగినా ఆయన ఇల్లు కదలలేదని అమ్మ ఒడియాలో, గొంతు వణుకుతున్నా తడబడకుండా చెప్పింది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె నోట నేను ఒడియా వినలేదు. ఆ మనిషి తల ఎత్తలేదు.

ఆ రాత్రి అత్తయ్య ఇంట్లోనే పడుకున్నాము. మా అమ్మాయి బర్మా స్టార్‌ను తిరగేసి, ఫోను లైటు ఏటవాలుగా పట్టి చూసింది. వెనుకవైపు అక్షరాల గాడుల్లో కుంకుమ నిండి ఉండడంతో, ఎర్ర సిరాతో రాసినట్టు నంబరు పూర్తిగా కనిపించింది! అత్తయ్య ఏటా రాసిన కుంకుమే ఆ పేరును కాపాడింది. నంబరు పక్కన ఎస్.టి.ఓ. అని, చివర ఆర్.ఐ.ఎన్. అని ఉంది. రెండోది రాయల్ ఇండియన్ నేవీ అని ఊహించగలిగాము; మొదటిది మాకు అర్థం కాలేదు.

మూడో రోజు అదే కార్యాలయం వరండాలో తన పింఛను పనిమీద వచ్చిన ఒక రిటైర్డ్ నావికుడు దాన్ని చూడగానే చెప్పారు. చికిటి వైపు తెలుగువారు. ఎస్.టి.ఓ. అంటే స్టోకర్, ఓడ అడుగున బాయిలర్ గదిలో మంట చూసుకునే నావికుడు. "పొయ్యి అంటే అదేనమ్మా" అని ఆయన అనగానే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. తన నాన్న వేసవైనా చలికాలమైనా ఇంట్లో పడుకునేవారు కాదని, నాలుగు గోడల మధ్య ఊపిరి ఆడదని అరుగు మీదే మంచం వేయించుకునేవారని చెప్పింది. పైన ఏం జరుగుతున్నదో తెలియని ఇనుప గదిలో పనిచేసినవారు చాలామంది అలాగే ఉంటారని ఆయన నెమ్మదిగా అన్నారు.

పతకాల మీద ఓడ పేరు ఉండదు. ఏ ఓడో తెలియాలంటే సర్వీసు రికార్డు కావాలి. నావికుల రికార్డులు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. అక్కడికి రాయవలసిన దరఖాస్తు ఎలా ఉండాలో ఆయనే కూర్చొని చెప్పారు: నంబరు, పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, వారసత్వానికి రుజువు, రెండు నక్షత్రాల వెనుక భాగాల ఫోటోలు. టీ కూడా తాగనన్నారు. 1945 జనవరిలో బర్మాలోని అరకాన్ తీరాన మైబాన్ దగ్గర సేనలు దిగినప్పుడు మన నర్బదా, జమునా ఓడలు ఫిరంగులు పేల్చాయని, అదే కాలంలో గోదావరి, కిస్ట్నా, కావేరి అనే ఓడలు కూడా మన నేవీలో ఉండేవని ఆయన చెబుతుంటే అమ్మ ప్రతి పేరునూ పెదవులతో తిరిగి అనుకుంది. జిరాక్సులు, ఫోటోలు, స్పీడ్ పోస్టు కలిపి 214 రూపాయలు అయ్యాయి. ఈ యాత్రలో నేను సంతోషంగా ఖర్చుపెట్టిన సొమ్ము అదే.

సాయంత్రం లైట్‌హౌస్ కింద ఇసుకలో కూర్చున్నాము. ఆ కాలంలో స్టీమర్లు ఇక్కడ దూరంగా లంగరు వేసేవి. రంగూన్ వెళ్లే కూలీలను అలల మీదుగా మసూలా పడవల్లో వాటి దగ్గరికి చేర్చేవారు. అమ్మ తాతగారు ఆ పడవల మీద తెడ్డు వేసినవారు. ఆయన కొడుకు అదే నీళ్ల మీద, ఓడ అడుగున మంట దగ్గర యుద్ధం గడిపాడని అమ్మకు ఆ రోజే తెలిసింది. చీకటి పడేదాకా ఆమె లేవలేదు.

బయలుదేరే ముందు ఆ మెరిసే పతకాన్ని తన దగ్గరే ఉంచమని అత్తయ్య అడిగారు. అమ్మ వెంటనే ఇచ్చేసింది. అత్తయ్య దానికి అప్పుడే బొట్టు పెట్టి గూటిలో ఉంచారు. రెండు నక్షత్రాలు మాత్రం, వెనుక కుంకుమ చెదరకుండా, మెత్తటి నూలు గుడ్డలో చుట్టుకొని అమ్మ తన చేతిసంచిలో విశాఖకు తెచ్చుకుంది. ముంబై నుంచి జవాబు ఇంకా రావలసి ఉంది.