ఇంగ్లిష్ మెయిల్ రెండు రకాలుగా అర్థమైతే: అడగడం మేలా, ఊహించడం మేలా?

‘లెట్స్ టేబుల్ దిస్’ అని ముందూ వెనకా ఏమీ లేకుండా ఒక్క ముక్క మెయిల్ వస్తే ఏం చేయాలని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. పంపినవాళ్లనే అడగొచ్చు, ఊహించి పని మొదలుపెట్టొచ్చు, లేదంటే మనకు అర్థమైంది రాసి పంపి ముందుకెళ్లొచ్చు. నా ఓటు మూడోదానికే, కానీ అన్నిసార్లూ కాదు.

డిక్షనరీ చూడటం, ఏఐని అడగటం కూడా ఉన్నాయి. వాటితో ఏయే అర్థాలున్నాయో తెలుస్తుంది, పంపినాయన మనసులో ఏది ఉందో తెలియదు.

ఊహించడంలో లాభం వేగం. పంపినవాళ్లు ఎక్కడివాళ్లో తెలిస్తే కొంత పని జరుగుతుంది కూడా. ‘టేబుల్’ అంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక సమావేశంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులు చాలాసేపు వాదించుకున్నారని, చివరికి చూస్తే ఇద్దరికీ కావాల్సింది ఒకటేనని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. అయితే దేశం తెలిసినా తేలనివి బోలెడు. ‘బైవీక్లీ’ వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా? బుధవారం మీటింగ్‌ని రెండు రోజులు ‘మూవ్ ఫార్వర్డ్’ చేశామంటే, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనే కొందరు సోమవారం అంటారు, కొందరు శుక్రవారం అంటారు. కాబట్టి మన ఇంగ్లిష్ సరిపోలేదేమో అని టెన్షన్ పడక్కర్లేదు, తేడా ఆ మాటలోనే ఉంది.

నన్నడిగితే ఇక్కడ తేల్చేది ఒక్కటే: మనం తప్పు అర్థం తీసుకుంటే వెనక్కి తీసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? ‘ఈఓడీ’ (ఎండ్ ఆఫ్ డే, అంటే ఆ రోజు పని ముగిసే సమయం) లోపు డ్రాఫ్ట్ పంపమన్నారు, ఎవరి ఊరి టైమో చెప్పలేదు, అప్పుడు రెండింట్లో ముందు వచ్చే టైముకి పంపేస్తే సరి, పోయేదేమీ లేదు. అదే ‘నెట్ 30’ (30 రోజుల్లో డబ్బు కట్టాలి) అని రాశారనుకోండి, మామూలుగా ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజులనే తీసుకుంటారు, కానీ ఒప్పందంలో సరుకు అందిన రోజు నుంచి అని ఉండొచ్చు, అందుకని ముందు ఒప్పందం తీసి చూడాలి, అక్కడా తేలకపోతే అడిగేదాకా చెల్లింపు ఆపాలి. డెలివరీ తేదీ 03/04 అని ఉంటే అది మార్చి 4 కావచ్చు, ఏప్రిల్ 3 కావచ్చు. నెల రోజుల తేడా! ఇలాంటి చోట ఊహ పనికిరాదు. డబ్బు, సంతకం, కస్టమర్‌కి ఇచ్చే మాట, డిలీట్ చేయడం, ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే కదలాలి.

అడగడంలోనూ తేడా ఉంది. ‘మీ ఉద్దేశం ఏమిటి?’ అని అడిగితే చాలాసార్లు అదే మాట ఇంకోసారి రాసి పంపుతారు, ఎందుకంటే రాసినవాళ్లకి అందులో రెండో అర్థం కనబడదు. దానికి బదులు ‘మీటింగ్ మార్చి 10 సోమవారం, లండన్ టైమ్ ఉదయం 10కి అని అనుకుంటున్నాను, శుక్రవారం అయితే చెప్పండి’ అని రాయండి. రెండు అర్థాలూ కళ్ల ముందుంటాయి, అవునో కాదో చెప్పడం అవతలివాళ్లకి క్షణం పని. నాకు మూడో దారి నచ్చేది ఇందుకే, అడిగినట్టూ ఉంటుంది, పనీ ఆగదు. జవాబు రాకపోతే మాత్రం దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు, వెనక్కి తీసుకోగలిగే పనులే మొదలుపెట్టండి.

ఆ మెయిల్ పదిమందికి వెళ్లి ఉంటే మీ ప్రశ్న కూడా ‘రిప్లై ఆల్’లోనే పెట్టండి. మిగతావాళ్లలో సగం మంది ఇంకో అర్థంతో ఈపాటికే పని మొదలుపెట్టి ఉండొచ్చు.