గూగుల్ వన్ ఇన్నేళ్లు వాడాక నా మాట

ఫోటోలూ ఫైళ్లూ ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్ స్టోరేజీ ఏది తీసుకోవాలని ఎవరడిగినా నేను ముందు అడిగేది, మీ ఇంట్లో ఏ ఏ ఫోన్లున్నాయి అని. ఎన్ని జీబీ ఇస్తారన్నది తర్వాత సంగతి. మా ఇంట్లో నాకూ మా ఆవిడకీ ఆండ్రాయిడ్, అమ్మాయికి ఐఫోన్, అందరికీ కలిపి ఒక విండోస్ ల్యాప్‌టాప్. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌కి ఆండ్రాయిడ్‌లో యాప్ లేదు, బ్రౌజర్‌లో తెరుచుకోవాల్సిందే, కాబట్టి మాకు కుదరదు. అందరి దగ్గరా ఆపిల్‌వే ఉంటే నేనూ అదే తీసుకునేవాణ్ణి.

ఉచితంగా ఆపిల్, మైక్రోసాఫ్ట్ చెరో 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2, గూగుల్ 15 ఇస్తాయి. చూడ్డానికి 15 ఎక్కువే గానీ జీమెయిలూ, డ్రైవూ, ఫోటోలూ, ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్పూ అన్నీ అందులోనే సర్దుకోవాలి, అది నిండితే మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది, అసలు టెన్షన్ అదే. అందుకే డబ్బు కట్టి ఎక్కువ జాగా తీసుకునే గూగుల్ వన్‌లో 100 జీబీ ప్లాన్‌కి మారాం, అప్పట్లో నెలకు 130 రూపాయలు. ఇంకో ఐదుగురితో పంచుకోవచ్చు, ఎవరి ఫోటోలు వాళ్లకే కనిపిస్తాయి. ఐఫోన్‌లో మాత్రం గూగుల్ ఫోటోస్ యాప్ తెరిచి ఉంచితేనే బ్యాకప్ చురుగ్గా సాగుతుంది.

మాది తిరుపతి, దర్శనానికొచ్చే చుట్టాలు ఏడాది పొడుగునా ఉంటారు. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఫోటోలన్నీ అలిపిరి మెట్లదారిలో, గాలిగోపురం దగ్గర తీసుకున్నవే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, షేర్డ్ ఆల్బమ్ లింకు పంపిస్తే ఊరెళ్లాక పెద్ద సైజులో ప్రింటు వేయించుకున్నా బాగుంటాయి. ఈ ఒక్క సౌకర్యానికే నేను డబ్బులు కట్టేస్తాను.

ఇక అందరూ తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటుంది. మా బావమరిది ఫోన్ రిపేరుకిస్తే షాపువాళ్లు ఒక్కమాటైనా అడక్కుండా రీసెట్ చేసి చేతిలో పెట్టారు. కెమెరాతో తీసినవన్నీ లాగిన్ అవగానే వచ్చేశాయి, వాట్సాప్‌లో వచ్చినవాటిలో చాలా రాలేదు. ఎందుకంటే గూగుల్ ఫోటోస్ మామూలుగా కెమెరా ఫోల్డర్‌నే బ్యాకప్ చేస్తుంది, వాట్సాప్ ఇమేజెస్, డౌన్‌లోడ్స్ లాంటివి సెట్టింగ్స్‌లో మనం విడిగా ఆన్ చేయాలి. ఇప్పుడే వెళ్లి చూసుకోండి దయచేసి.

అలాగే జాగా కోసం గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఫోటో డిలీట్ కొడితే క్లౌడ్‌లోదీ పోతుంది, బ్యాకప్ అయినదైతే ట్రాష్‌లో 60 రోజులుంటుంది, అంతే. ఫోన్‌లో మాత్రమే తీసేయాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడాలి. పిల్లల చిన్నప్పటి ఫోటోల్లాంటివి క్లౌడ్ ఒక్కదానికే వదిలేయడం నాకిష్టం లేదు, అప్పుడప్పుడు మన డేటా దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకౌట్‌తో దించి హార్డ్‌డిస్క్‌లో వేస్తాను. జిప్ ఫైళ్లుగా వస్తాయి, విప్పి సర్దడం విసుగే, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే అయిపోతుంది.