ఫోన్‌లో తెలుగు రాయడానికి ఏ కీబోర్డు మేలు?

"పాత పాట" అని రాయాలనుకోండి. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే కీబోర్డులో చాలామంది ఈ రెండు పదాలకూ కొట్టేది ఒకటే: పి, ఏ, టి, ఏ. ఏది పాత, ఏది పాట అన్నది కీబోర్డే ఊహించుకోవాలి. ఊహ తప్పితే "పాట పాట" అనో "పాత పాత" అనో పడుతుంది. రెండూ అసలైన తెలుగు పదాలే కాబట్టి కింద ఎర్రగీత రాదు, కంటికి తప్పుగా కనిపించదు, అలాగే వెళ్లిపోతుంది.

అందుకే ఏ యాప్ అన్నదానికంటే ముందు ఏ పద్ధతి అన్నది తేల్చుకోవాలి. ఫోన్‌లో తెలుగు రాయడానికి నాలుగు దారులున్నాయి: ఇంగ్లిషు అక్షరాలతో కొట్టడం, నేరుగా తెలుగు కీలు నొక్కడం, నోటితో చెప్పడం, వేలితో తెరమీద రాయడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా ఉండే గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డులో ఈ నాలుగూ ఉన్నాయి. కామా కీని నొక్కి పట్టుకుంటే గేర్ గుర్తు వస్తుంది, వేలిని దానిమీదికి జరిపితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అక్కడ లాంగ్వేజెస్, తర్వాత యాడ్ కీబోర్డ్, తర్వాత తెలుగు. పైన లేఅవుట్లు, అంటే కీల అమరికలు, బొమ్మల్లా వరుసగా కనిపిస్తాయి. ఒకదానితో సరిపెట్టుకోకుండా కావలసినవన్నీ టిక్ చేసి డన్ నొక్కండి. ఆ తర్వాత స్పేస్‌బార్‌ని నొక్కి పట్టుకుని ఒకదాన్నుంచి మరోదానికి మారవచ్చు.

ఇంగ్లిషు అక్షరాలతో

మొదలుపెట్టడానికి ఇంతకంటే సులువైనది లేదు. వాట్సాప్‌లో "ఎక్కడున్నావు", "భోంచేశారా" లాంటి రోజువారీ మాటలు చాలావరకు సరిగ్గానే పడతాయి, ఎందుకంటే కీబోర్డు మీరు కొట్టిన అక్షరాలకు ఎక్కువ వాడుకలో ఉన్న పదాన్ని వెతికి ముందు పెడుతుంది. దీని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. వాడుకలో లేని పదం, ఊరిపేరు, ఇంటిపేరు, యాసమాట రాగానే అది తడబడి దగ్గర్లో ఉన్న మామూలు పదాన్ని తెచ్చి పెడుతుంది.

కే, ఏ, ఎల్, ఎల్, యు అని కొట్టండి. కళ్లు, కల్లు, కాళ్లు మూడింటికీ అవే అక్షరాలు. "నాన్నకు కాళ్లు వాచాయి" అని డాక్టరుకు పంపబోయి "కళ్లు వాచాయి" అని పంపితే మందే మారిపోవచ్చు. జి, ఏ, డి, ఐ కొడితే గది, గడి, గాడి. స్పేస్ నొక్కగానే కీల పైన ఉండే సూచనల పట్టీలో ముందున్న పదం పడిపోతుంది కాబట్టి, స్పేస్ నొక్కే ముందు పట్టీ చూడటం అలవాటు చేసుకోవాలి. వేగంగా కొట్టేవాళ్లు చూడరు.

ఈ పద్ధతే కావాలనుకుంటే రెండు జాగ్రత్తలతో చాలా తప్పులు తగ్గుతాయి. దీర్ఘం ఉన్నచోట ఏ రెండుసార్లు కొట్టండి. త కు టి-హెచ్, ట కు ఒట్టి టి వాడండి. అప్పుడు "పాత"కి ఆరు అక్షరాలు, "పాట"కి ఐదు, మధ్యలో స్పేస్‌తో కలిపి పన్నెండు నొక్కులు. తెలుగు కీలతో ఇదే మాట ఏడు నొక్కుల్లో అయిపోతుంది.

చదవడం రాకపోయినా మాట్లాడటం వచ్చిన పిల్లలకు, ముఖ్యంగా విదేశాల్లో పెరిగినవాళ్లకు, ఈ పద్ధతే సరైనదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పట్టీలో మూడు పదాలు కనిపిస్తే ఏది తనకు కావలసినదో తెలియాలంటే తెలుగు చదవడం రావాలి కదా. వాళ్లకు నోటితో చెప్పడమే నయం.

ఊహించకుండా, కొట్టింది కొట్టినట్టే మార్చే మరో రకం కూడా ఉంది. కంప్యూటర్లో ఇంగ్లిషు అక్షరాలను తెలుగులోకి మార్చే లేఖిని వాడినవాళ్లకు ఇది తెలుసు: చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట, చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. ఫోన్‌లో ఇండిక్ కీబోర్డ్ అనే యాప్‌లోని ఫొనెటిక్ లేఅవుట్ ఇలా పనిచేస్తుంది. ఊహ లేదు కాబట్టి ఊహ తప్పడమూ ఉండదు. కానీ ఫోన్‌లో పెద్దక్షరం కావలసిన ప్రతిసారీ షిఫ్ట్ నొక్కాలి. తెలుగులో ట, డ, ణ, ళ లు ఎన్నిసార్లు వస్తాయో చూస్తే అది ఎంత విసుగో తెలుస్తుంది.

నేరుగా తెలుగు కీలు

రోజుకు నాలుగు వాక్యాలకు మించి రాసేవాళ్లందరికీ మా సలహా ఇదే. మొదటి కొన్నాళ్లు చేయి నెమ్మదిగా ఆడుతుంది, ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ తర్వాత మాత్రం అనుకున్న అక్షరమే పడుతుంది, పట్టీ వైపు చూసే పని ఉండదు. నొక్కుల లెక్కలో కూడా ఇది వెనకబడదు. "చదువుకున్నాను"కి తెలుగు కీలతో 13 నొక్కులు, ఇంగ్లిషు అక్షరాలతో దీర్ఘానికి ఒక్క ఏ కొట్టినా 14. షిఫ్ట్ లెక్కపెట్టకపోతే "రాష్ట్రం"కి రెండింటిలోనూ ఎనిమిదే.

లేఅవుట్ విషయంలో, ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే ఆ శ్రమ వృథా పోదు. భారత ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో ఉన్న అమరిక ఇది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. క, ఖ ఒకే కీ మీద, గ, ఘ ఒకే కీ మీద ఉంటాయి, రెండోది షిఫ్ట్‌తో వస్తుంది. కంప్యూటర్లోనూ ఇదే అమరిక దొరుకుతుంది. హిందీకి, కన్నడానికి మారినా క అదే కీ మీద ఉంటుంది. దీని ఇబ్బంది ఒకటే: వరుసకు ఎక్కువ కీలు ఇరకాలి కాబట్టి చిన్న ఫోన్‌లో కీలు సన్నగా ఉంటాయి. బొటనవేలు లావుగా ఉన్నవాళ్లు కీబోర్డు ఎత్తు పెంచుకోవాలి, లేదా ఫోన్‌ని అడ్డంగా తిప్పాలి.

కొత్తవాళ్లు అందరూ తప్పే చోటు వత్తు. కాగితం మీద "వస్తే" రాసేటప్పుడు వ రాసి, స రాసి, స మీద ఏత్వం పెట్టి, చివర కింద త వత్తు ఇస్తాం. చేతికి ఆ వరుసే అలవాటు. కీబోర్డుకు వరుస వేరు: అది పలికే క్రమాన్ని అనుసరిస్తుంది. వ, స, పొల్లు, త, ఏత్వం. ఏత్వం కంటికి స మీద కనిపిస్తుంది, కానీ నొక్కాల్సింది త తర్వాత. కాగితపు అలవాటులో వ, స, ఏత్వం, పొల్లు, త అని నొక్కితే "వసే్త" అని విరిగిన ముక్క పడుతుంది. పాత ఫాంట్లలోంచి యూనికోడ్‌కి మార్చిన వార్తల్లో "చేసే్త", "వసే్త" అని కనిపించేవి సరిగ్గా ఈ వరుస తప్పినవే. ఈ ఒక్కటీ వేళ్లకు పట్టేదాకా అక్క, అమ్మ, పళ్లెం, మార్కు, వస్తే, స్త్రీ అనే ఆరు పదాలు పదేపదే కొట్టండి. "స్త్రీ"కి నొక్కులు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. గుణింతపు గుర్తుకు ముందు హల్లు లేకపోతే తెరమీద చుక్కల వలయం కనిపిస్తుంది. అది కనిపించిందంటే వరుస తప్పిందనే అర్థం.

దిద్దడంలో కూడా ఒక సంగతి తెలిసి ఉండాలి. "స్త్రీ" మధ్యలోకి కర్సర్ వెళ్లదు, మొత్తం ఒకే అక్షరంగా లెక్క. లోపలి త మార్చాలంటే కర్సర్‌ని అక్షరం చివర పెట్టి వెనక్కి తుడవాలి. ఒక తుడుపుకి ఈత్వం పోయి "స్త్ర" మిగులుతుంది, ఇంకోదానికి ర పోతుంది. ఇలా ఒక్కొక్క ముక్కే పోతుంది కాబట్టి మొత్తం అక్షరం మళ్లీ కొట్టే పని లేదు.

నోటితో చెప్పడం

గూగుల్ 2017 ఆగస్టులో తెలుగును నోటి టైపింగ్‌లో చేర్చింది. పొడుగాటి ముసాయిదాకి దీన్ని మించినది లేదు. కళ్లు, కాళ్లు తేడా నోట్లోనే ఉంది కాబట్టి ఆ గొడవ కూడా తగ్గుతుంది. మైకు నొక్కే ముందు కీబోర్డు తెలుగులో ఉందో లేదో చూడండి. ఇంగ్లిషులో ఉంటే మీ తెలుగును ఇంగ్లిషు మాటలుగా విని చిత్రమైన వాక్యాలు రాస్తుంది. మూడు నాలుగు వాక్యాలు చెప్పి ఆపండి, దిద్దండి, మళ్లీ చెప్పండి. పేజీ అంతా చెప్పి చివర దిద్దుదామంటే ఏ మాట అన్నామో మనకే గుర్తుండదు.

తప్పేవి ఇవి: కామాలు, ఫుల్‌స్టాపులు చేత్తో పెట్టుకోవాలి. శ, ష, స ల తేడా మన నోట్లోనే సరిగ్గా పలకదు, ఇక దానికెలా తెలుస్తుంది. "వస్తుండు", "పోతాన్న" లాంటి యాస రూపాలను పత్రికల తెలుగులోకి తిప్పేసే అవకాశం ఎక్కువ, కాబట్టి యాసలో కథ రాసేవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు. బస్సులో, ఫ్యాను కింద, నెట్ సరిగా అందని చోట మధ్యలో ఆగిపోతుంది. చదవడం రానివాళ్లు చెప్పి రాయించిన దాన్ని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో అతికించి స్పీకర్ గుర్తు నొక్కి వింటే తప్పు చెవికి తెలుస్తుంది.

వేలితో రాయడం నెమ్మది. ఇంగ్లిషు అక్షరాలు తెలియని, కీలు వెతకలేని పెద్దవాళ్లకు మాత్రం ఇది వరం. వత్తులకు కింద చోటు కావాలి కాబట్టి రాసే పెట్టె ఎత్తు పెంచి ఇవ్వండి. ద, ధ, థ ల దగ్గర లోపలి చుక్క, కింది ఒత్తు స్పష్టంగా గీయకపోతే ఒకదానికొకటి పడతాయి.

ఏ యాప్?

నోటి టైపింగూ, చేతిరాతా కూడా కావాలంటే జీబోర్డే. నేరుగా కీలు, ఫొనెటిక్ మాత్రమే చాలనుకుంటే ఇండిక్ కీబోర్డ్ మంచిది: దాని సోర్సు కోడ్, అంటే యాప్ లోపలి ప్రోగ్రాం, అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ స్విఫ్ట్‌కీ ఇంగ్లిషూ తెలుగూ కలిపి రాసేవాళ్లకు ఉపయోగం. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, కీబోర్డ్స్, యాడ్ న్యూ కీబోర్డ్ అనే వరుసలో వెళ్తే ఆపిల్ సొంత తెలుగు కీబోర్డు దొరుకుతుంది, వేరే యాప్ అక్కర్లేదు.

స్టిక్కర్లు, దేవుడి బొమ్మల థీములు చూపించి తెరనిండా ప్రకటనలు వేసే ఊరూ పేరూ లేని తెలుగు కీబోర్డులు మాత్రం వద్దు. కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఫోన్ ఒక హెచ్చరిక చూపిస్తుంది: మీరు టైప్ చేసే పాస్‌వర్డులు, కార్డు నంబర్లతో సహా అన్నీ ఈ యాప్ సేకరించగలదని. ఓకే నొక్కేస్తాం కానీ అందులో ఉన్నది నిజం. కీబోర్డుకు కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? అడిగితే తీసేయండి. జీబోర్డులో కూడా సెట్టింగ్స్‌లో ప్రైవసీ తెరిచి వాడకం వివరాలు పంపే స్విచ్చులు ఆపుకోవచ్చు.

ఏ పద్ధతిలో రాసినా మూడు తప్పులు కంటికి కనిపించకుండా వెతుకులాటను చెడగొడతాయి. సున్న బదులు తెలుగు అంకె సున్నా పడటం ఒకటి: "వంకాయ", "వ౦కాయ" చూడ్డానికి ఒకటే, కానీ ఒకటి వెతికితే రెండోది దొరకదు. "దుఃఖం"లో విసర్గ బదులు కోలన్ పెట్టడం రెండోది. "ఋణం" బదులు బ కి రెండు కొమ్ములు తగిలించి "బుుణం" అనడం మూడోది. ఋ కీ కనిపించకపోతే షిఫ్ట్ నొక్కి చూడండి, లేదా పక్క అక్షరాలను నొక్కి పట్టుకోండి.

పొల్లు విడిగా నిలవాల్సిన పదాలది వేరే గొడవ. "హైదరాబాద్‌లో" అని కొట్టబోతే ద కింద ల వత్తు చేరి "హైదరాబాద్లో" అవుతుంది. పొల్లుకీ ల కీ మధ్య కనిపించని ఒక విడదీసే అక్షరం ఉండాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది మీ లేఅవుట్‌లో కనిపించకపోతే, సరిగ్గా రాసి ఉన్న పదాన్ని ఎక్కడినుంచైనా కాపీ చేసుకోండి. జీబోర్డు సెట్టింగ్స్‌లో డిక్షనరీ, పర్సనల్ డిక్షనరీ, ఆల్ లాంగ్వేజెస్ తెరిచి ప్లస్ నొక్కి ఆ పదాన్ని అతికించండి, షార్ట్‌కట్ దగ్గర రెండు మూడు ఇంగ్లిషు అక్షరాలు ఇవ్వండి. ఇంగ్లిషు లేఅవుట్‌లో ఆ అక్షరాలు కొట్టగానే పట్టీలో మీ పదం వస్తుంది. ఇంటిపేర్లు, ఊరిపేర్లు, యాసమాటలు కూడా ఇలాగే ఒకసారి పెట్టుకుంటే చాలు.