విజిల్ బరువు తూచి నేర్చుకున్న డిజైన్: ఒంగోలులో ఆరు రోజుల తరగతులు

డిప్లొమా విద్యార్థులకు యంత్రభాగాల డిజైన్ బోధించే నేను, గత వేసవిలో ఒంగోలులోని ఒక శిక్షణ కేంద్రం నిర్వహించిన ఆరు రోజుల తరగతులకు మా విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లాను. రుసుము మనిషికి 2,500 రూపాయలు. ఇళ్లలో వాడే వస్తువులనూ ఊళ్లలో తిరిగే యంత్రాలనూ విప్పి చూపిస్తూ డిజైన్ నేర్పుతామన్న మాటను నిర్వాహకులు చాలావరకు నిలబెట్టుకున్నారు.

రెండో రోజు ప్రెషర్ కుక్కర్‌తో గడిచింది. ప్రతి జట్టుకూ ఒక కుక్కర్, వ్యాసం కొలిచే ఒక వెర్నియర్, ఒక చిన్న కాటా ఇచ్చి, ఈ విజిల్ ఇంతే బరువు ఎందుకు ఉందో చెప్పమన్నారు. ఆవిరి రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున పైకి నెట్టే ఆవిరిని ఆపడానికి 70 గ్రాముల బరువు సరిపోతుంది. ఆ పీడనం వల్లే లోపలి నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కి పప్పు త్వరగా ఉడుకుతుంది. పీడనం, వైశాల్యం, బలం అని ఏళ్ల తరబడి నల్లబల్ల మీద నేను రాసిన సూత్రాన్ని, మా పిల్లలు ఆ పూట కాటా మీద చూశారు. కోడిగుడ్డు ఆకారంలో ఉండి లోపలి నుంచి బిగుసుకునే మూతను ఆవిరే అంచుకు అదిమి పడుతుంది కనుక, పీడనం ఉన్నంతసేపూ అది తెరుచుకోదన్న సంగతిని ఎవరూ చెప్పకుండానే ఒక అమ్మాయి కనిపెట్టింది.

నాలుగో రోజు చేతిపంపు విషయంలో మాత్రం నాకు బాధ కలిగింది. 1970లలో యునిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే రూపొందిన ఇండియా మార్క్-2 పంపులో పిస్టన్ ఆడే సిలిండర్ 63.5 మిల్లీమీటర్లు, పైకి వచ్చే గొట్టం 32 మిల్లీమీటర్లు కావడంతో, పిస్టన్ వాషరు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగవలసిందే. మార్క్-3లో గొట్టాన్ని 65 మిల్లీమీటర్లకు పెంచి, పిస్టన్‌ను దానిగుండానే బయటికి తీసే వీలు కల్పించారు. అయితే గొట్టం బరువూ ఖరీదూ పెరిగాయి. మరమ్మతు సులువు కోసం ఎంత ఖర్చు భరించవచ్చునన్నది విద్యార్థులు తేల్చుకోవలసిన ప్రశ్న. కానీ ఆ జవాబంతా ముందే అచ్చువేసి పొద్దున్నే చేతికిచ్చారు. కనిగిరి వైపు నుంచి వచ్చిన కుర్రవాడు ఊళ్లో ముక్కాలి స్టాండు వేసి గొట్టాలు లాగడం చిన్నప్పటి నుంచీ చూసినవాడు. అతనికి నోరు విప్పే అవకాశమే రాలేదు. ముగింపు ముందే తెలిసిన కేసును, అంటే పాఠంగా ఇచ్చే నిజ ఉదాహరణను, చదవవచ్చునేమో గాని, దానితో డిజైన్ నేర్పడం సాధ్యం కాదు.

అయిదో రోజు ఆ లోటు కొంత తీరింది. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువు నుంచి తెచ్చిన నీటిలో గాలి కలిపే పాత ఏరేటర్‌ను విప్పించారు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారుకూ నెమ్మదిగా తిరిగే చక్రాలకూ మధ్య గేర్‌బాక్స్ ఎందుకు, తేలే బోట్లు ప్లాస్టిక్‌వి, ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలుది ఎందుకు అన్న ప్రశ్నలకు ఉప్పునీటిని తలచుకుంటూ పిల్లలే జవాబులు వెతికారు. ఆయిల్ సీలు పాడై గేర్‌బాక్స్‌లోకి నీరు చేరినట్టు కూడా వారే గుర్తించారు. చెరువులున్న కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి, రాత్రి నాచు ప్రాణవాయువును ఇవ్వకపోగా తానే వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుందనీ, అప్పుడు కరెంటు పోతే పంటే పోతుందనీ చెప్పాడు. దాంతో చర్చ ఒక్క యంత్రం దగ్గర ఆగక జనరేటరు, విడిభాగాలు, రాత్రి కాపలా మనిషి వరకూ వెళ్లింది. వ్యవస్థ అంటే ఏమిటో నేను ఒక సెమిస్టరులో చెప్పలేకపోయినది ఆ గంటలో వారికి అర్థమైంది.

మిగతా రోజుల్లో సీలింగ్ ఫ్యాన్, మిక్సీ పాఠాలు ఫర్వాలేదనిపించాయి. డ్రాయింగ్ గీయించడానికీ ఖర్చు లెక్క కట్టించడానికీ చివరి రోజు ఒక్క పూటే మిగలడం పెద్ద లోపం. రెండో సంవత్సరం దాటిన మెకానికల్ విద్యార్థులను తప్పక పంపవచ్చు. కేసు కాగితాలను చర్చ ముగిశాకే పంచమని నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలిపాను, వచ్చే వేసవి తరగతులకు అలాగే చేస్తామని వారు మాట ఇచ్చారు.