జనవరి 25న కైరోలో ఉండకండి

ఈజిప్టు తప్పకుండా చూడాల్సిన దేశమే. కానీ జనవరి ఆఖరి వారంలో మాత్రం కైరోలో మకాం పెట్టకండి. చలికాలం ఎండ బాధ ఉండదు, రిపబ్లిక్ డే సెలవు కూడా కలిసొస్తుందని 2024లో సరిగ్గా ఆ వారమే వెళ్లాం. నేను, మా ఆవిడ, కువైట్ నుంచి నేరుగా వచ్చి కలిసిన మా బావమరిది. లక్సర్, అస్వాన్ హాయిగా గడిచిపోయాయి, కర్నాక్ గుడికి ఒక పూట చాలదు. చెప్పుకోవాల్సిందంతా కైరో గురించే.

ముందు హోటల్ సంగతి. పేరు రాయను. డౌన్‌టౌన్‌లో పాతకాలం బిల్డింగ్, ముగ్గురు పట్టే గది, రాత్రికి 42 డాలర్లని బుక్ చేశాం. మూడు రాత్రులకు 126 అనుకుంటూ వెళ్తే బిల్లు 161 వచ్చింది. 12 శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 14 శాతం పన్ను. బుకింగ్ పేజీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. సరే, అది అక్కడి పద్ధతే, చాలా హోటళ్లు వేస్తాయి. అసలు కథ డబ్బు కట్టేటప్పుడు మొదలైంది.

అప్పట్లో ఈజిప్టులో డాలరుకు రెండు ధరలు. బ్యాంకులో సుమారు 31 ఈజిప్టు పౌండ్లు, బయట 65 పైమాటే. బ్యాంకు రేటు గోడ మీద బొమ్మ, ఆ ధరకు డాలర్లు ఇచ్చే బ్యాంకు లేదు. మేం పౌండ్లలో కడతామంటే కౌంటర్ మీది కుర్రాడు కాలిక్యులేటర్ తీసి 65తో గుణించి చూపించాడు. సరే డాలర్లే తీసుకో అని రెండు వంద నోట్లు ఇచ్చాం. 39 డాలర్లు తిరిగి రావాలి కదా. డాలర్లు లేవంటూ అదే కాలిక్యులేటర్‌తో 31 లెక్కన గుణించి 1209 పౌండ్లు చేతిలో పెట్టాడు! మన దగ్గర తీసుకునేటప్పుడు బజారు రేటు, మనకు ఇచ్చేటప్పుడు సర్కారు రేటు.

మా బావమరిదికి కువైట్‌లో పదేళ్లుగా ఈజిప్టు వాళ్లతోనే పని. వాళ్ల అరబ్బీలోనే వాయించాడు. అరగంట గొడవయ్యాక ఇంకో 500 పౌండ్లు రాలాయి, అంతే. "బావా, వదిలేయ్, వీడి నెల జీతం ఎంతో తెలుసా?" అన్నాడు మెట్లెక్కుతూ. ఆ జనవరిలో ప్రైవేటు ఉద్యోగికి కనీస జీతం నెలకు 3500 పౌండ్లు. బజారు రేటులో 54 డాలర్లు, అంటే మా మూడు రాత్రుల బిల్లులో మూడో వంతు. నాకు జాలి వేసింది, కోపం మాత్రం తగ్గలేదు. మా ఆవిడ ఆ రాత్రి ఇద్దరితోనూ మాట్లాడలేదు. గీజర్ కూడా పనిచేయలేదు మరి.

పర్యాటక స్థలాల్లో సర్కారు దెబ్బ ఇంకో రకం. చాలాచోట్ల టికెట్లకు కార్డే గీకాలి, అప్పట్లో కార్డుకు బ్యాంకు రేటే పడేది. వెయ్యి పౌండ్లు గీకితే మనకు 2,700 రూపాయల దాకా పోయేవి. బజారు లెక్కన అవే వెయ్యి పౌండ్లు 1,300 కూడా చేసేవి కావు. అలాగని వీధిలో డాలర్లు మార్చబోకండి, అది నేరం, పట్టుకుంటే జైలే.

ఇక 25వ తేదీ. 2011లో అధ్యక్షుడు ముబారక్‌ను 18 రోజుల్లో దింపేసిన తిరుగుబాటు మొదలైన రోజు. అసలది పోలీసుల దినం. పోలీసుల దౌర్జన్యం మీద కోపంతోనే కావాలని ఆ రోజును ఎంచుకున్నారు. ఇప్పుడూ ఆ రోజు సెలవే, పోలీసులేమో రోడ్ల మీద. మేం పొద్దున్నే నడుచుకుంటూ ఆ తిరుగుబాటుకు వేదికైన తహ్రీర్ మైదానం వైపు వెళ్తుంటే మఫ్టీలో ఉన్న ఇద్దరు ఆపారు. పాస్‌పోర్టులు చూసి, ఫోన్లు తెరవమన్నారు. మా ఆవిడ ఫోన్‌లో ఫొటోలన్నీ పైకీ కిందకీ జరిపి వాట్సాప్‌లోకి వెళ్లారు. అక్కడ మా కాలనీ గ్రూపు. ఎవరో అత్యుత్సాహంతో ముందే పంపిన రిపబ్లిక్ డే శుభాకాంక్షలు, కింద జెండాలు పట్టుకున్న జనం బొమ్మ. ఒకాయన వేలు అక్కడ ఆగిపోయింది. ఏం ఊరేగింపు ఇది, ఈ రాతలేంటి అని బావమరిదిని అడిగారు. ఇండియాలో రేపు పండగ, ఇది మా భాష అని నచ్చజెప్పేసరికి వాడికి చెమటలు పట్టాయి. చివరికి నా ఫోన్‌లో పోలీసు వ్యాను పడిన ఒక ఫొటో తీసేయించి, చెత్తబుట్టలోంచి కూడా తుడిపించి వదిలారు. నవ్వుతూనే వదిలారనుకోండి. మాకైతే టెన్షన్‌తో టిఫిన్ కూడా దిగలేదు.

మనకది ఒక పూట టెన్షన్, అక్కడి వాళ్లకు రోజూ ఉండేదే. ముబారక్ తర్వాత ఎన్నికల్లో గెలిచిన ముర్సీని 2013 జులై 3న సైన్యం దించేసింది. ఆ ఆగస్టు 14న కైరోలోని రబా మైదానంలో బైఠాయించిన ముర్సీ మద్దతుదారుల మీద కాల్పుల్లో కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే హక్కుల సంస్థ లెక్క. అదే ఏడాది చివర్లో వచ్చిన చట్టంతో అనుమతి లేని నిరసన నేరమైపోయింది. 2011 ఉద్యమంలో పేరు తెచ్చుకున్న 'అలా అబ్దుల్ ఫత్తా' అనే ఉద్యమకారుడు మేం వెళ్లినప్పుడు జైల్లోనే ఉన్నాడు (2025లో క్షమాభిక్షతో బయటికొచ్చాడు). ముర్సీని దించిన సైన్యాధిపతి, ఇప్పటి అధ్యక్షుడు సిసీ మేం వెళ్లడానికి నెల ముందే 89.6 శాతం ఓట్లతో మూడోసారి గెలిచారు.

తహ్రీర్ మైదానంలో ఇప్పుడు రెండో రామ్సెస్ కాలంనాటి రాతి స్తంభం, చుట్టూ కర్నాక్ నుంచి తెచ్చిన పొట్టేలు తల, సింహం ఒళ్లు ఉన్న నాలుగు విగ్రహాలు ఉన్నాయి. చూడ్డానికి బాగుంటుంది. కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు మాత్రం కాదు. మైదానాన్ని ఆనుకుని ఉన్న ఈజిప్షియన్ మ్యూజియం పక్కన ముబారక్ పార్టీ ఆఫీసు ఉండేది, 2011లో తగలబడింది, 2015లో కూల్చేశారు. తిరుగుబాటు గుర్తుగా నాకు కనిపించింది మెట్రో మ్యాపులోనే. ఒకప్పుడు ముబారక్ పేరున్న స్టేషన్ ఇప్పుడు అల్ షుహదా, అంటే అమరవీరులు. మ్యూజియం మాత్రం వదలకండి.

పిరమిడ్లున్న గీజా నుంచి తిరిగొచ్చిన టాక్సీ డ్రైవరు మంచి మాటకారి. పంచదార కిలో 50 దాటిందని, మాంసం పండగలకే అని, అద్దె గురించి, పిల్లల ట్యూషన్ల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అతిశయోక్తేం కాదు, అంతకు ముందు సెప్టెంబరులో అక్కడ ద్రవ్యోల్బణం 38 శాతం. ఉల్లిపాయలైతే ఎగుమతులు ఆపేశారట. మన దేశం కూడా అదే పని చేసిందని చెప్తే తెగ నవ్వాడు. మరి 2011లో మీరు మైదానానికి వెళ్లారా అని బావమరిది అడిగాడు. "అప్పుడు నాకు జుట్టుండేది" అని బట్టతల నిమురుకుని రేడియో పెట్టాడు. బేరం ఆడింది 250 పౌండ్లు, పైసా ఎక్కువ అడగలేదు. నేనే 300 ఇచ్చాను.

మా ఆవిడ మూడ్ బాగుపడింది కొషరీతో. అన్నం, పొట్టు తీయని మసూర్ పప్పు, మాకరోనీ, శనగలు, పైన టమాటా పులుసు, కరకరలాడే ఉల్లిపాయ. పూర్తిగా శాకాహారం. అప్పట్లో పెద్ద గిన్నె 45 పౌండ్లు. వెల్లుల్లి వేసిన వెనిగర్ ఒక సీసా, ఎర్ర కారం ఒక సీసా బల్ల మీదే ఉంటాయి. ఆ కారం మన నాలుకకూ తగులుతుంది, జాగ్రత్త. పక్క టీ కొట్టులో పంచదార డబ్బా మాత్రం బల్ల మీద లేదు, యజమాని దగ్గరే. రెండో చెంచా అడిగితే ఒకసారి మొహం చూసి వేశాడు.

మేం తిరిగొచ్చిన కొద్ది వారాలకే, మార్చి 6న, పౌండు విలువను మార్కెట్టుకు వదిలేశారు. ఒక్క రోజులో డాలరు 31 నుంచి 50 దాకా వెళ్లింది. కాబట్టి ఇప్పుడు రెండు రేట్ల గోల లేదు, ఏటీఎంలో తీసుకోండి. బస డౌన్‌టౌన్‌లో వద్దు, నైలు నది దీవి మీదున్న జమాలెక్‌లో చూసుకోండి, కాస్త ఖరీదైనా ప్రశాంతం. పన్నులతో కలిపి ఎంతో ముందే మెయిల్‌లో రాయించుకోండి. 1, 5, 10 డాలర్ల నోట్లు దండిగా పట్టుకెళ్లండి, చిల్లర డాలర్లలోనే అడగండి. పోలీసులు, ప్రభుత్వ ఆఫీసులు, వంతెనల ఫొటోలు తీయకండి. కాలనీ గ్రూపులను మాత్రం విమానం దిగకముందే ఫోన్‌లోంచి తీసేయండి.