కుక్కపిల్లకు ‘ఎజిలిటీ ప్యాకేజీ’ కొనబోతున్నవారికి: మా చుక్కికి జరిగినది చదివాక సొమ్ము కట్టండి

లాబ్రడార్ జాతికి చెందిన మా కుక్కపిల్ల చుక్కికి పద్నాలుగు వారాల వయసున్నప్పుడు, విధేయత పాఠాలూ ఎజిలిటీ (కుక్క అడ్డంకులు దూకుతూ, వాటి మధ్య పరుగెత్తే ఆట) విన్యాసాలూ కలిపి నేర్పుతామన్న ఒక శిక్షణ కేంద్రంలో పది వారాల ప్యాకేజీకి పూర్తి సొమ్ము ముందుగానే చెల్లించాను. ఐదో వారం ముగిసేసరికి అది కుడి ముందు కాలు నేలకు ఆనించలేక కుంటడం మొదలుపెట్టింది; గొలుసు చప్పుడు వినబడితే చాలు, ఉన్నచోటే పొట్ట నేలకు కరిపించి మూత్రం పోసుకునేది. కట్టిన సొమ్ములో కొంచెమైనా వెనక్కి రాలేదు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే వివాదం ఇంకా నడుస్తోంది. పైగా ఇటువంటి ప్యాకేజీలు అమ్మేవారు వారొక్కరే కాదు.

నన్ను ఆకర్షించినది ఒక వీడియో. నాలుగు నెలలైనా నిండని పిల్ల ఒకటి వరుసగా మూడు అడ్డకర్రలు దూకి, నిలువు కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తి, చివరన శిక్షకుడి కాళ్ల దగ్గర బొమ్మలా కూర్చుంటుంది. ‘ఆరు నెలలు నిండేసరికి మీ పిల్ల పోటీలకు సిద్ధం’ అన్న మాట దాని కింద ఉంది. అంత చిన్న పిల్లకు ఇవన్నీ తొందరపాటు కాదా అని ఫోనులో అడిగితే, అవతలి వ్యక్తి ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని సామెత చెప్పి నా నోరు మూయించాడు. ఆ సామెత వంగడం గురించే మాట్లాడుతుంది కాని విరగడం గురించి మాట్లాడదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పోటీల నియమాలను ఒక్కసారి చూసి ఉంటే ఆ ప్రకటన ఎంత బూటకమో అక్కడే తేలిపోయేది. ఎజిలిటీ 1978లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలో, గుర్రాలు అడ్డంకులు దూకే పోటీల పద్ధతిలో, ప్రేక్షకుల వినోదం కోసం మొదటిసారి చూపిన ఆట. తర్వాత అది నియమబద్ధమైన క్రీడగా ఎదిగింది. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ అనే కుక్కల సంఘం పోటీల్లోనూ, అటువంటి సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నియమాల ప్రకారం జరిగే పోటీల్లోనూ 18 నెలలు నిండని కుక్కను బరిలోకి అనుమతించరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి కనీస వయసు 15 నెలలు. ఆరు నెలలకు ‘సిద్ధం’ చేస్తామనేవారు ఏ పోటీకి సిద్ధం చేస్తారో వారికే తెలియాలి. ఆ వయోపరిమితి వెనుక ఎముకల లెక్క ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రోజే నేను గమనించవలసినది ఒకటి ఉంది: చుక్కి టీకాల కార్డును అక్కడ ఎవరూ అడగలేదు. పది పన్నెండు పిల్లలు ఒకే మట్టినేల మీద తిరుగుతున్నాయి, ఒకే తొట్టిలో నీళ్లు తాగుతున్నాయి. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిలు కడుగుళ్లకు లొంగదు. అలాగని టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను ఇంట్లో బంధించి ఉంచడమూ సరి కాదు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు ఉండే కాలంలోనే కుక్కపిల్ల కొత్త మనుషులకూ, చప్పుళ్లకూ, ప్రదేశాలకూ సులువుగా అలవాటు పడుతుంది. అందుకే అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ మధ్యే మార్గం చెప్పింది: మొదటి విడత టీకాలు వేయించి కనీసం 7 రోజులు గడిచి, నులిపురుగుల మందు కూడా పట్టించి ఉంటే, 7, 8 వారాల వయసు నుంచే కుక్కపిల్లల తరగతులకు తీసుకువెళ్లవచ్చు. కార్డు చూడకుండా చేర్చుకునే చోట మన పిల్ల ఒక్కటే కాదు, పక్కనున్న ప్రతి పిల్లా ప్రమాదంలోనే ఉన్నట్టు.

రెండో వారం నుంచి యజమానులను లోపలికి రానివ్వలేదు. ‘మీరు కనబడితే పిల్ల గారాలు పోతుంది, మాట వినదు’ అన్నారు. గేటుకు ఆకుపచ్చ పరదా కట్టి ఉండేది. నాలుగో వారంలో ఒకనాడు గాలికి ఆ పరదా ఒక మూల ఎగిరినప్పుడు లోపల ఏం జరుగుతున్నదో పట్టుమని పది నిమిషాలు చూశాను. చుక్కి మెడలో మేము కట్టిన మెత్తని పట్టీ లేదు. లాగితే బిగుసుకునే ఇనుప చోక్ చైన్ ఉంది. శిక్షకుడు ‘సిట్’ అంటూనే, అది విన్నదో లేదో చూడకుండా, గొలుసును పైకి ఒక్క గుంజు గుంజి రెండో చేత్తో నడుమును కిందికి నొక్కాడు. చుక్కి కూర్చుంది. చెవులు తలకు అతుక్కుపోయి ఉన్నాయి, నాలుకతో మూతి నాకుకుంటోంది, మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తోంది, రెండుసార్లు ఆవలించింది. కుక్కలు భయాన్ని చెప్పుకునే మాటలు ఇవే. అప్పటికి నాకు ఆ భాష రాదు కనుక, ‘పరవాలేదే, కుదురుగా కూర్చుంటోందే’ అని సంతోషించి ఇంటికి వచ్చాను. ఈ వాక్యం రాయడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

బెదిరిపోయిన కుక్కకూ బుద్ధిగా ఉన్న కుక్కకూ తేడా వీడియోలో తెలియదు, అసలు చిక్కు అక్కడే ఉంది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే పరిశోధకులు తప్పించుకునే వీలు లేకుండా విద్యుత్ షాక్‌లు తిన్న కుక్కలను, తర్వాత తేలికగా తప్పించుకోగలిగిన పెట్టెలో ఉంచి చూస్తే, వాటిలో చాలా కుక్కలు ప్రయత్నమే చేయకుండా పడుకుండిపోయాయి. ఏం చేసినా దెబ్బ తప్పదని నేర్చుకున్న ప్రాణి కదలడం మానేస్తుంది, ఆ కదలకపోవడాన్నే మనం విధేయత అనుకుని మురిసిపోతాం. మా కేంద్రం వారు ‘తర్వాతి దశ’కు అదనపు రుసుముతో షాక్ కాలర్ (మెడకు విద్యుత్ షాక్ ఇచ్చే పట్టీ) కూడా ఇస్తామన్నారు. వేల్స్ దేశం ఆ పరికరాన్ని కుక్కల మీద వాడటాన్ని 2010లోనే నిషేధించింది.

ఐదో వారం వారే గర్వంగా పంపిన వీడియోలో చుక్కి దూకుతున్న కర్ర దాని ఛాతీ ఎత్తున ఉంది. కింద పచ్చిక లేదు, రబ్బరు పరుపు లేదు, సిమెంటు గచ్చు మీద పలచని తివాచీ పరచి ఉంది. వీడియోను నిదానింపజేసి చూస్తే, అది దిగిన ప్రతిసారీ ముందు కాళ్లు రెండూ జారి, మణికట్టు దగ్గర వెనక్కి విరిగినట్టు వంగి, గడ్డం నేలకు తగిలేంత పని అవుతోంది. ఆ ఒక్క నిమిషం నిడివిలో పదకొండు దూకుళ్లు లెక్కపెట్టాను. ఆ రాత్రి చుక్కి తిండి గిన్నె దగ్గరికి మూడు కాళ్ల మీద వచ్చింది.

పశువైద్యుడు చెప్పినది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఇది ముందే తెలిసి ఉంటే నేను ఆ కేంద్రం గడప తొక్కేవాడిని కాదు. పెరిగే కుక్కపిల్లల్లో పొడవాటి ఎముకల కొనల దగ్గర గ్రోత్ ప్లేట్ అనే మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. చిన్న జాతుల్లో అది సాధారణంగా ఏడాదిలోపే గట్టిపడి మూసుకుపోతుంది, లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో 14 నుంచి 18 నెలల దాకా పడుతుంది, భారీ జాతుల్లో ఇంకా ఆలస్యమవుతుంది. అప్పటిదాకా ఆ పొర చుట్టూ ఉన్న ఎముక కన్నా, స్నాయువుల కన్నా బలహీనమైనది. కుక్క నిలబడి ఉన్నప్పుడే దాని బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది. దూకి దిగేటప్పుడు పడే తాకిడి అంతకు ఎన్నో రెట్లు. ముందు కాలిలో రెండు ఎముకలు జంటగా పెరుగుతాయి. వాటిలో అల్నా అనే ఎముక కింది కొనన ఉండే పొర శంఖువు ఆకారంలో ఉండటం వల్ల, తాకిడికి పక్కకు జారకుండా నలిగిపోతుంది. నలిగిన పొర ముందుగానే మూసుకుపోతే ఆ ఎముక ఎదుగుదల ఆగిపోతుంది, పక్కనున్న రేడియస్ మాత్రం పెరుగుతూ పోయి విల్లులా వంగుతుంది; కాలు వంకరపోతుంది. అప్పుడిక శస్త్రచికిత్స తప్ప దారి లేదు.

ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టిన విషయం వేరు. అలా నలగడం మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. మూడు వారాల తర్వాత రెండు కాళ్లకూ మళ్లీ ఎక్స్‌రే తీసి, పొడవులు పోల్చి చూస్తే గాని ఏ సంగతీ తేలదన్నారు. ఆ మూడు వారాలూ చుక్కిని మెట్లెక్కనివ్వకుండా, పరుగెత్తనివ్వకుండా, బయటికి గొలుసు చప్పుడు రాని గుడ్డ తాడుతో నడిపిస్తూ గడిపాం. నాలుగు నెలల లాబ్రడార్‌ను కదలకుండా ఉంచడమంటే ఏమిటో పెంచినవారికి తెలుసు. అదృష్టం బాగుండి రెండో ఎక్స్‌రేలో రెండు కాళ్లూ సమానంగానే వచ్చాయి. స్నాయువు బెణికిందని తేల్చారు.

కేంద్రం వారు మాత్రం ‘ఇంట్లో ఎక్కడో జారిపడి ఉంటుంది’ అన్నారు. రసీదు వెనుక, చీమతలకాయలంత అక్షరాల్లో రెండు వాక్యాలు ఉన్నాయని అప్పుడు చూపించారు: శిక్షణ మొదలైన తర్వాత సొమ్ము తిరిగి ఇవ్వబడదు, శిక్షణలో జంతువుకు కలిగే గాయానికి యజమానిదే బాధ్యత. దాని కింద నా సంతకం ఉంది. చదవకుండా సంతకం చేసిన తప్పు నాదే, ఒప్పుకుంటాను; అయితే పరదా వెనుక ఏం జరుగుతుందో చూడనివ్వకుండా బాధ్యత నామీద పెట్టడం ఏ న్యాయమో వారు చెప్పలేదు.

తర్వాత వైద్యుడు సూచించిన మరో శిక్షకురాలి దగ్గరికి వెళ్లాం. ఆమె మొదటి రోజు చుక్కికి ఏమీ నేర్పలేదు. నేల మీద కూర్చుని, వేళ్ల మధ్య తాయిలం పట్టుకుని, అది తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఊరికే ఉంది. రెండో రోజు అరచేయి చాపి, చుక్కి ముక్కుతో తాకగానే క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) నొక్కి తాయిలం పెట్టింది. పాఠం మొత్తం మూడు నిమిషాలు, ఆ తర్వాత నిద్ర. ఎజిలిటీ ఏదీ అని నేను అడిగితే నవ్వి, నేల మీద పడుకోబెట్టిన నిచ్చెన చూపించింది. చుక్కి ఆ మెట్ల మధ్య ఒక్కొక్క పాదం చూసుకుంటూ వేయాలి. తనకు వెనుక కాళ్లు కూడా ఉన్నాయని కుక్కపిల్లకు తెలిసేది అలాగేనట. నేలకు జానెడు ఎత్తైనా లేని పలక మీద నడక, పొట్టిగా, వంపు లేకుండా తిన్నగా పరచిన గుడ్డ సొరంగం, ఇటూ అటూ కొంచెం ఊగే చెక్క, కర్ర లేని రెండు నిలువు స్తంభాల మధ్యగా పరుగు, ఈ వయసుకు ఎజిలిటీ అంటే ఇంతే. పోటీల్లో 60 సెంటీమీటర్ల దూరంలో వరుసగా నిలిపే 12 కర్రల మధ్య మెలికలు తిరగడం, 1.7 మీటర్ల ఎత్తున్న ఏ-ఫ్రేమ్ (ఇంటి కప్పులా రెండు పలకలు ఆనించిన అడ్డంకి) ఎక్కి దిగడం వంటివి ఎముకలు గట్టిపడ్డాకే అని ఆమె మొదటి రోజే కాగితం మీద రాసి ఇచ్చింది.

కాబట్టి సొమ్ము కట్టే ముందు ఒక తరగతిని మీ పిల్ల లేకుండా, ఒక్కరే వెళ్లి చూడండి. చూడనివ్వకపోతే అక్కడితో వదిలేయండి, మరో మాట అక్కరలేదు. చూడనిస్తే శిక్షకుడిని కాకుండా పిల్లలను చూడండి: తోక ఎక్కడుంది, గేటు దగ్గరికి వచ్చేటప్పుడు లాగుతూ వస్తున్నాయా, వెనక్కి తన్నుకుంటున్నాయా. పిల్ల చెప్పినది చేయకపోతే ఏం చేస్తారని అడగండి. పాఠాన్ని ఇంకా తేలిక చేస్తాం అన్నవారు ఒక రకం, ‘సరిచేస్తాం’ అన్నవారు మరో రకం. కర్ర ఎత్తు ఎంత, కింద నేల ఏమిటి, ఏ వయసులో దేన్ని మొదలుపెడతారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. పూర్తి సొమ్ము ఒకేసారి అడిగితే వారానికి వారం కడతామనండి. వారు పంపే వీడియోలను, రసీదులను, వైద్యుడి కాగితాలను తేదీలతో సహా దాచిపెట్టండి. నా ఫిర్యాదుకు ఇప్పుడు ఆధారంగా నిలిచింది వారు గర్వంగా పంపిన ఆ ఐదో వారం వీడియోనే.

చుక్కికి ఇప్పుడు ఎనిమిది నెలలు. కుంటడం లేదు. పిలిస్తే వస్తుంది, కూర్చోమంటే కూర్చుంటుంది, కూర్చుని తాయిలం కోసం నా చేతి వంక చూస్తుంది. గొలుసు చప్పుడు భయం మాత్రం పూర్తిగా పోలేదు. మా వీధి గేటు గొలుసుకు గుడ్డ చుట్టి ఉంచాం. దూరంగా, మెల్లగా ఒక్కసారి గలగలమనిపించి వెంటనే తాయిలం పెట్టడం రోజుకు రెండుసార్లు చేస్తున్నాం. నిన్న మొదటిసారి ఆ చప్పుడుకు పడుకోకుండా, చెవులు నిక్కించి తల తిప్పి నా వైపు చూసింది.